కాటి గేటు ముందు పగటి ఆట

మా ఊళ్ళో మనిషిని చంపడానికి కత్తి అక్కర్లేదు, చెయ్యెత్తితే చాలు. బంజార్ చావడిలో, అంటే ఊరి కట్టుబాట్ల సభ జరిగే చోట, చాపల మీద కూర్చుని, ఇంటికొకరు చొప్పున ఎనభై అయిదు మందిమి చేతులెత్తి నెంగా రస్మిన్‌ని వెలివేశాం. ఎనభై ఆరో ఇల్లు ఆమెదే. ఎత్తిన చేతుల్లో నాదీ ఒకటి. మా ఇంట్లో మగదిక్కు లేదు కాబట్టి సభకి నేనే వెళ్తాను. రస్మిన్ కూడా అలాగే వచ్చేది. అంతమంది మగవాళ్ళ మధ్య మేమిద్దరమే ఆడవాళ్ళం, ఎప్పుడూ పక్కపక్కన కూర్చునేవాళ్ళం. ఆ రోజు నేను స్తంభం అవతలికి జరిగి కూర్చున్నాను.

రస్మిన్‌ది మా గోడ పక్కిల్లు. యాభై రెండేళ్ళ మనిషి. పొట్టి, గట్టి పిక్కలు, నవ్వితే పైవరసలో ఒక పన్ను ఖాళీ. నాలుగు పందుల్ని సాకుతుంది. పొద్దున్నే అరటి బోదె తరిగి వాటికి ఉడకేస్తుంది. లేత కొబ్బరాకులతో పూజబుట్టలు అల్లి సంతకి పంపుతుంది. ఈ పనులు చేసే ఆడవాళ్ళు మా దగ్గర వీధికి పదిమంది. ఆమె చేసే ఇంకో పని మాత్రం చుట్టుపక్కల ఏ ఆడమనిషీ చెయ్యదు. ఆమె దలాంగ్. తోలుబొమ్మలు ఆడిస్తుంది. నూట ముప్పై బొమ్మలకి తానే గొంతు, తానే చేతులు. కుడికాలి వేళ్ళ మధ్య చెక్కసుత్తి ఇరికించుకుని బొమ్మల పెట్టెను కొడుతూ తాళం కూడా తానే వేస్తుంది. ఆట అయ్యాక బొమ్మల కాడలు నీళ్ళలో ముంచి, మంత్రం చదివి తీర్థం చేస్తుంది. ఆ తీర్థం పడందే మా పిల్లలకి పుట్టిన రోజు దోషం పోదు, మా ముసలివాళ్ళకి పైకి దారి దొరకదు. ఊళ్ళో ఏ ఇంటి శవానికైనా భీముడు యమలోకం వెళ్ళిన కథ ఆడి సాగనంపింది రస్మినే. అంతకు ముందు ఆమె తండ్రి గెర్నింగ్.

గెర్నింగ్‌కి కొడుకుల్లేరు. కూతుర్ని ఇంట్లోనే ఉంచుకుని, బంగ్లి కొండల నుంచి ఒక వడ్రంగిని ఇల్లరికం తెచ్చుకున్నాడు. అల్లుడికి బొమ్మలు రాలేదు. ఇరవై ఏళ్ళు తండ్రి కుడిపక్కన కూర్చుని బొమ్మలందించిన కూతురికి మాత్రం అన్నీ వచ్చేశాయి. ఒకసారి సగం ఆటలో ముసలాయన గొంతు పోయింది. అర్జునుడు నోరు తెరిచి అలాగే నిలబడిపోయాడు. రస్మిన్ తండ్రి చేతిలోంచి బొమ్మ తీసుకుని ఆ మాట పూర్తి చేసింది. ఆనాటి నుంచీ పెట్టె ఆమెది. "పెట్ట కూస్తే తెల్లారుద్దా?" అని మగవాళ్ళు వెటకారం చేశారు గానీ, వాళ్ళమ్మలు పోయినప్పుడు ఆ పెట్ట దగ్గరికే వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు.

ఆమె ఆటకి నేనూ, కెతుత్ సంద్రా గెండెర్ వాయించేవాళ్ళం. వెదురు గొట్టాల మీద కంచు పలకలు వేలాడదీసిన వాద్యం అది. రెండు చేతులతో రెండు సుత్తులు పట్టి కొట్టాలి. మా వాళ్ళు పాటని రెండుగా చీల్చి ఇద్దరికి చెరి సగం ఇస్తారు. నా పలక ఆగిన సందులో అతని పలక మోగాలి. ఒక్కరే వాయిస్తే ఒంటి చెప్పుతో నడుస్తున్నట్టుంటుంది. సంద్ర కూడా గెర్నింగ్ దగ్గరే నేర్చుకున్నాడు. మా ఊరి ఆచారపెద్ద మాదె లంకిర్‌కి అతను సొంత తమ్ముడు. అన్నదమ్ములది ఒకే ప్రహరీ, మా వాకిలికి ఎదురుగా.

లంకిర్ గురించి చెప్పాలంటే ఊట గురించి చెప్పాలి. పొలాల పైన ఊట గుడి ఉంది. గుడి మాన్యంలోంచి పుట్టే నీళ్ళతోనే నలభై ఇళ్ళ వరి పండుతుంది. ఆ మాన్యాన్ని ఊటతో సహా ఎవరో విల్లాలు కట్టేవాళ్ళకి లంకిర్ లీజుకి రాసిచ్చాడు. సభ పెట్టలేదు, ఎవర్నీ అడగలేదు. కొలతలకి వచ్చినవాళ్ళకి కొబ్బరిబోండాలు కొట్టిచ్చింది నేనే. కాలవలో నీళ్ళు చీలమండ దాకా దిగిపోయాయి. అందరికీ తెలుసు. ఎవరూ నోరెత్తలేదు. లంకిర్ అందరినీ నవ్వుతూ పలకరిస్తాడు, చావుకి ముందొస్తాడు, పెళ్ళికి చివరిదాకా ఉంటాడు. అలాంటివాణ్ణి అడగడానికి మొహమాటం. మా ఊళ్ళో పిరికితనానికి పెట్టుకున్న పేరు అది.

ఆ ఏడు ఊట గుడి తిరునాళ్ళలో రస్మిన్ పగటి ఆట ఆడింది. పగటి ఆట దేవుళ్ళ కోసం. తెర ఉండదు, దీపం ఉండదు. రెండు బాడిద కొమ్మలు అరటి బోదెలో గుచ్చి, వాటి మధ్య తెల్ల నూలుదారం కట్టి, ఆ దారానికి బొమ్మల్ని ఆనించి ఆడిస్తారు. మనుషులు పట్టించుకోరు. ఆడవాళ్ళు నైవేద్యాలు సర్దుకుంటారు, మగవాళ్ళు సిగరెట్లు కాలుస్తూ కోడిపందేల కబుర్లు చెప్పుకుంటారు. ఆ రోజు మాత్రం దేలెం గొంతు వినపడగానే తలలు తిరిగాయి. దేలెం అంటే దుర్మార్గుల పక్షాన ఉండే సేవకుడు. గొంతు కింద కంతి, నోటి నిండా గొప్పలు. అతని ఎదురుగా మంచివాళ్ళ సేవకుడు త్వాలెన్. బొజ్జ, నల్లటి ఒళ్ళు, పెద్దమనిషి.

"మావా, త్వాలెన్ మావా! దణ్ణం పెట్టుకుందామని ఊట గుడికి పోయినా. గుడుంది, దేవుడున్నాడు, ఊట లేదు!"

"ఊట యాడికి పోద్దిరా? దానికి కాళ్ళున్నాయా?"

"కాళ్ళు లేవు గానీ కాయితాలున్నాయి. మన దేవుడు బిందె చంకన పెట్టుకోని విల్లా గేటు ముందు నిలబడుంటే, కాపలావోడు 'రేపు రా పో' అంటన్నాడు."

"సంతకం పెట్టిందెవరో?"

"అమ్మో! చెబితే నా కంతి కోసి కూరొండుతారు. తలగుడ్డ ముడి మూరెడు పైకుంటది చూడూ, ఆయన."

అందరి కళ్ళూ ఒకేసారి లంకిర్ తలగుడ్డ మీదికి పోయాయి. ముడి నిజంగానే మూరెడు పైకి ఉంది. ఆడవాళ్ళ చేతుల్లో పళ్ళేలు నవ్వుకి గలగలలాడాయి. లంకిర్ కూడా నవ్వాడు. పది రోజుల తర్వాత చావడి మీద మొద్దుగంట, సభకీ చావుకీ కొట్టే తొలిచిన చెక్కమొద్దు, మోగింది.

సభలో లంకిర్ గొంతు తేనెలా ఉంది. "దేవుడి ఆటలో దేవుడి మాన్యం గురించి అబద్ధం పలికారు దలాంగ్ గారూ. నన్నంటే పడతాను. దేవుణ్ణంటే ఊరు పడదు."

"అన్నది దేలెం కదా పెద్దయ్యా, వాణ్ణే అడుగు," అంది రస్మిన్. నడుముకి చుట్టుకున్న గుడ్డలోంచి దేలెం బొమ్మ తీసి చాప సందులో గుచ్చి లంకిర్ ఎదురుగా నిలబెట్టింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"ఎగతాళా?"

"మా నాయన ఇదే బొమ్మతో మీ నాయన్ని ఎన్నిసార్లు కడిగాడో లెక్క లేదు. ఆట అయినాక మీ నాయనే వచ్చి మా నాయనకి కల్లు పోయించేవాడు. ఆయన పెద్ద, నువ్వు పెద్ద. చూసుకో మరి."

మూల నుంచి ఒక ముసలాయన అరిచాడు. "పెట్టకూతలు చాలించవే!"

"పుంజులందరూ నోట్లో గింజ పెట్టుకోని కూర్చుంటే పెట్టే కూయాల తాతా!"

లంకిర్ ముందే రాయించిన కాగితం తీశాడు. దేలెం అన్నదంతా అబద్ధమనీ, గుడి మాన్యం ఎవరికీ ఇవ్వలేదనీ రస్మిన్ సంతకం చెయ్యాలి. గుళ్ళో క్షమాపణ నైవేద్యం పెట్టాలి. బొమ్మల పెట్టెను గుడి భోషాణంలో పెట్టాలి, 'సరైన చేతులు' దొరికే దాకా. ఆమె కాగితం రెండుసార్లు చదివింది.

"దీని మీద నా పేరు పడితే రేపు కోర్టులో లీజు లేదనడానికి నేనే సాక్షిని. నలభై ఇళ్ళ నీళ్ళకి నేనే మూత పెట్టినట్టు. పెట్టను."

ఆ నలభై ఇళ్ళవాళ్ళూ అక్కడే ఉన్నారు. ఎవరి నీళ్ళ కోసం ఆమె ఆ మాట అందో ఆ చేతులే ముందు లేచాయి. మొట్టమొదటి చెయ్యి సంద్రది. వెలి అంటే ఇది: ఆ ఇంటివాళ్ళతో ఎవరూ మాట్లాడకూడదు. ఉప్పూ నిప్పూ ఇవ్వకూడదు. ఆ ఇంటి చావుకి మొద్దుగంట మోగదు, ఆ ఇంటి శవానికి ఊరి కాటిలో, ముందు పూడ్చి కొన్నేళ్ళకి తీసి కాల్చే ఆ మట్టిలో, చోటు లేదు. పలకరించిన వాళ్ళకి కూడా అదే శిక్ష.

తర్వాతి ఎనిమిది నెలలూ మేం ఎంత క్రమశిక్షణ గల మనుషులమో చూపించుకున్నాం. కాలవ పూడిక తీయడానికి పిలిస్తే పదిమంది రారు గానీ ఒకరిని వెలివేయడానికి పసిపిల్లల దాకా కలిసొచ్చారు. సంతలో ఆమె బుట్టల మీంచి చూపులు దాటిపోయేవి. ఒకరోజు ఆమె పంది కట్టు తెంచుకుని కాలవ గట్టుకి పరిగెత్తింది. నలుగురు మగవాళ్ళు గట్టు మీద నిలబడి అది గట్టు కింది బురద ఊబిలో పడి మునిగిపోయేదాకా చూశారు. "అమ్మాయ్, పంది!" అనడం కూడా మాటే కదా.

రస్మిన్ తల్లిని ఊరందరం అవ్వ అనేవాళ్ళం. ఎనభై దాటాయి, కళ్ళు మసక. వెలి సంగతి రస్మిన్ ఆమెకి చెప్పింది, మర్నాటికి ఆమె మర్చిపోయింది. మళ్ళీ చెప్పింది, మళ్ళీ మర్చిపోయింది. రోజూ పొద్దున్నే గోడ దగ్గరికొచ్చి నన్ను పిలిచేది.

"ఒలే సుజీ! కారం నూరావంటే? కాసింత పెట్టవే, నోరు చచ్చిపోయింది."

నేను రోట్లో పచ్చిమిరపకాయలు వేసుకుని, పొత్రం చప్పుడు కాకుండా పట్టుకుని కూర్చునేదాన్ని.

"ఏమే, పలకవేం? ఊరంతటికీ ఒక్కసారే చెవుడొచ్చిందా?"

ఎనిమిది నెలలు. ఒక్కరోజైనా ఆకుదొప్పలో కాస్త కారం గోడ మీద పెట్టలేదు. మాట్లాడకుండా పెట్టొచ్చు, ఎవరూ చూసేవాళ్ళు కూడా లేరు. పెట్టలేదంతే.

పెద్దగుడి తిరునాళ్ళు నాలుగు రోజులుందనగా, ఒక ఉదయం గోడ అవతల నుంచి పిలుపు రాలేదు. తర్వాత బిందెలతో నీళ్ళు గుమ్మరించిన చప్పుడు వినిపించింది. శవానికి స్నానం. మొద్దుగంట మోగలేదు. ఊరికి తెలియకుండా మా ఊళ్ళో పోయిన మొదటి మనిషి అవ్వే.

రస్మిన్ ఫోను చేస్తే కొండల నుంచి ఆమె మరిది, ఇంకో ముగ్గురు బంధువులు చిన్న ట్రక్కులో వచ్చారు. వాళ్ళది వేరే ఊరు, మా వెలి వాళ్ళకి అంటదు. వెదురు కోసి పాడె కట్టడం మొదలుపెట్టారు. అప్పుడే ఊరి కాపలా మనిషి పాన్ కర్మి, నడుముకి నలుపు తెలుపు గళ్ళగుడ్డ కట్టుకుని, చేతిలో అదే కాగితంతో వచ్చాడు. వచ్చినవాడు రస్మిన్‌తో మాట్లాడకూడదు. ఆమె గుమ్మం ముందు నిలబడి, గుమ్మం స్తంభం వైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు.

"ఓ గుమ్మమా, విను. పెద్దయ్య పంపించాడు. సంతకం పెట్టి పెట్టె ఇస్తే గంట మోగుద్ది, గుంట తవ్విస్తారు. లేదంటే టౌన్లో కరెంటు పొయ్యి ఉంది, బండి మాట్లాడుకోని పొమ్మన్నాడు. సాయంత్రంలోగా తేల్చాల."

రస్మిన్ పందులదొడ్డి వైపు తిరిగింది. "ఓ పందీ, నువ్వూ విను. మా అమ్మ అరవై ఏళ్ళు ఆ కాటి గుడి మెట్లు ఊడ్చింది. మా నాయన ఆ మట్టిలోనే పడుకోని ఆడే కాలాడు, మా ఆయనా అంతే. మా అమ్మ కూడా ఆడికే పోద్ది. సంతకం లేదు, పెట్టె లేదు. పోయి చెప్పమను."

"గుమ్మమా, మొండికెయ్యమాకు. శవం ఊళ్ళో ఉన్నంతసేపు ఊరంతటికీ మైల. నాలుగు రోజుల్లో తిరునాళ్ళు."

"మైలని వాళ్ళకి తెలుసన్నమాట! అయితే తొందర వాళ్ళకే పందీ, మనకేం తొందర?"

ఎండ ముదిరే వేళకి నలుగురూ పాడె ఎత్తారు. రస్మిన్ బొమ్మల పెట్టెను తల మీద పెట్టుకుని ముందు నడిచింది. ఆమె ఇల్లు, తర్వాత మా ఇల్లు, ఆ తర్వాత ముప్పై అడుగుల్లో కాటి గేటు. గేటు దగ్గర పాన్ కర్మి, ఇంకో కాపలా మనిషి చెరోవైపు నిలబడి పొడుగాటి వెదురుబొంగు అడ్డం పట్టుకున్నారు. ఆమె వాళ్ళతో వాదించలేదు. పాడెను రోడ్డు మీదే దించమంది. అరటి బోదె పడుకోబెట్టి, రెండు బాడిద కొమ్మలు గుచ్చి, దారం కట్టింది. పెట్టె ముందు కూర్చుని కాలి వేళ్ళ మధ్య సుత్తి పెట్టుకుంది.

ఏదో గోడ వెనక నుంచి ముసలాయన గొంతు. "మైలలో పెట్టె ముట్టుకుంటదా! కలికాలం!"

"ఊరంతా మైలేనంటగా! మైల లేనోళ్ళెవరో వచ్చి ఆడించమనండి, లేచి చోటిస్తా," అని ఆమె ఆకాశంతో అంది.

ఎవరూ రాలేదు. ఆమె సుత్తితో పెట్టెను మూడుసార్లు కొట్టింది.

మూడు దెబ్బల తర్వాత గెండెర్ మొదలవ్వాలి. అది నా చేతులకి ముప్పై ఏళ్ళ అలవాటు. ఏమీ మోగలేదు. ఆమె ఆగి, మళ్ళీ మూడు కొట్టింది. మా గుమ్మంలో నిలబడ్డ నా వైపు చూడలేదు. చూస్తే నేను లోపలికి పోయేదాన్నేమో. గోడల వెనక అంతా నక్కి చూస్తున్నారు, అరటాకులు కదులుతున్నాయి. మూడోసారి కొట్టింది. నేను పైన కప్పిన గుడ్డ తీసి, గెండెర్‌ని ఈడ్చుకొచ్చి మా గడప లోపల పెట్టుకుని కూర్చున్నాను. నా కాలు గడప దాటలేదు. నా నోరు తెరుచుకోలేదు. వాయించాను.

నా సగమే. ఒంటి చెప్పు నడక. వినడానికి నాకే సిగ్గేసింది. రెండు ఆవర్తాలు అలాగే కుంటింది. మూడో ఆవర్తంలో ఎదురింటి ప్రహరీ లోపల నుంచి, నా పలక ఆగిన సందులో, రెండో సగం వచ్చి పడింది. మొదట ఒక దెబ్బ ఆలస్యం, తర్వాత సరిగ్గా.

ఆ ప్రహరీలోంచే లంకిర్ గొంతు. "ఒరే కెతుత్! ఆపరా!"

"నేనెవరితోనూ మాట్లాడట్లేదన్నా!" అన్నాడు సంద్ర. సుత్తులు ఆగలేదు.

రస్మిన్ ఆట మొదలుకి గుర్తయిన చెట్టుబొమ్మని తిప్పి పక్కన గుచ్చింది. అదొకసారి గుచ్చితే ఆట నిండేదాకా ఎవరూ ఆపకూడదు. ఆపినవాడి ఇంటికి కీడు. కాపలావాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. భీముడు వచ్చాడు. కుంతి చెప్పిన మాట ప్రకారం తండ్రినీ, రెండో తల్లి మాద్రినీ తెచ్చుకోవడానికి యమలోకం గేటు దగ్గరికి వచ్చాడు. వెనకాల త్వాలెన్. గేటు దగ్గర దేలెం.

"ఆగాగు! ఎవురికోసం?"

"అమ్మకోసం."

"అమ్మకి ఊరి చీటీ ఉందా?"

"నిన్ను కన్నప్పుడు మీ అమ్మ నిన్ను చీటీ అడిగిందేంట్రా?"

"నాకేం తెలుసు మావా! పెద్దలు నిలబడమన్నారు, నిలబడ్డా. ఎందుకని అడగలా. ఆళ్ళేమో నీడన కూర్చోని కాఫీ తాగతన్నారు, నా నెత్తి మీద గుడ్డు కొడితే అట్టయిపోద్ది. ఇదిగో, ఈ బొంగు పట్టుకోని పట్టుకోని చేతులు బొబ్బలెక్కినాయి."

గోడల వెనక నవ్వు. ఎనిమిది నెలల తర్వాత ఆమె మాటకి ఊరు చేసిన మొదటి చప్పుడు అది. పాన్ కర్మి మీసం కింద పెదవి కొరుక్కున్నాడు. చెమట అతని కనుబొమల నుంచి కారుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

భీముడు గేటు విరిచాడు, నూనె కాగే గంగాళం తలకిందులు చేశాడు, తల్లినీ తండ్రినీ భుజాల మీద ఎక్కించుకున్నాడు. అప్పుడు రస్మిన్ బొమ్మలు దించి, కొత్త కుండలో నీళ్ళు ముందుకి లాక్కుంది. త్వాలెన్ కాడ ముంచింది, భీముడి కాడ ముంచింది. మంత్రం మొదలైంది.

ఇక్కడ మా ఊరి ఒంట్లో ఉన్న అలవాటు ఒకటి చెప్పాలి. తీర్థం మంత్రం వినపడితే నిలబడి ఉండటం మాకు చేతకాదు. నడక రాని వయసులోనే అమ్మలు మా మెడలు వంచి నేర్పేస్తారు. నేల మీద కూర్చోవాలి, రెండు చేతులూ జోడించి తల మీదికి ఎత్తాలి, కళ్ళు మూసుకోవాలి. గోడల వెనక ఊరంతా కూర్చుంది. నేనూ సుత్తులు పక్కన పెట్టాను. పాన్ కర్మి నిలబడగలిగినంతసేపు నిలబడ్డాడు. మోకాళ్ళు వాటంతటవే వంగాయి. బొంగు పట్టుకుని చేతులు జోడించడం కుదరదు కదా! ఇద్దరూ బొంగు నేల మీద పెట్టారు, కూర్చున్నారు, చేతులు తల మీదికి ఎత్తారు, కళ్ళు మూశారు.

నలుగురూ పాడె ఎత్తి బొంగు మీంచి అడుగేసి వాళ్ళిద్దరి మధ్య నుంచి లోపలికి పోయారు. నేను కళ్ళు మూసుకోలేదు కాబట్టి చూశాను. రస్మిన్ మంత్రం ఆపకుండా లేచి, కాపలావాళ్ళిద్దరి తలల మీదా తీర్థం చల్లింది. దోసిళ్ళలో పోస్తే మూడేసి గుక్కలు తాగారు. తాగనంటే వాళ్ళ ఇళ్ళకి మంచిది కాదు. వాళ్ళు కళ్ళు తెరిచేసరికి ఆమె కూడా లోపల ఉంది, మరిది గునపం మట్టిలో దిగుతోంది.

లంకిర్ పరిగెత్తుకుంటూ వచ్చి గేటు దగ్గర బిగుసుకుపోయాడు. కాటిలో కాలు పెడితే మూడు రోజుల మైల. నాలుగో రోజు తిరునాళ్ళలో దేవుడి ముందు కూర్చోవాల్సింది ఆయనే, ఊడ్చి శుద్ధి చేయించే పనులు రేపటి నుంచే మొదలవ్వాలి. లోపలికి పోలేడు. లోపలికి పోయిన శవాన్ని బయటికి తెప్పించాడా, మళ్ళీ ఊరంతటికీ మైల, తిరునాళ్ళే ఉండదు. గేటు ఇవతలే నిలబడి, తలగుడ్డ జారిపోగా, గొంతు చించుకున్నాడు.

"రస్మిన్! ఒసే రస్మిన్! బయటికి రావే! నిన్ను ఊళ్ళో ఉంచను! వింటున్నావా లేదా, మాట్లాడవే!"

ఆమె వెనక్కి కూడా తిరగలేదు. తల్లి మొహం మీద తెల్లగుడ్డ సరిచేస్తోంది. గోడ వెనక ఎవరో, చాలా నెమ్మదిగా అయినా ఊరంతటికీ వినపడేలా, "పెద్దయ్య పలకరించాడు," అన్నారు.

పలకరించిన వాళ్ళకి అదే శిక్ష. ఆ నియమం రాయించింది ఆయనే.

తర్వాతి సభలో ఆ సంగతి సంద్రే లేవదీశాడు. సొంత అన్న మీద. ముసలాళ్ళు ఒక మూలకి చేరి చాలాసేపు గుసగుసలాడి, చివరికి తీర్పు చెప్పారు. పెద్దయ్య తిట్టాడు, పలకరించలేదు. తిట్టు మాట కిందికి రాదు. పంది మునుగుతోందని చెప్పడం మాట, మనిషిని ఒసే అనడం మాట కాదు! ఈ తీర్పుకి కూడా చేతులెత్తారు. ఈసారి నా చెయ్యి లేవలేదు, సంద్రది లేవలేదు, ఇంకో పదమూడు మందివి లేవలేదు. మిగతావాళ్ళ చేతులు చాలు. వెలి అలాగే ఉంది. లంకిర్ అలాగే ఉన్నాడు. విల్లాల్లో దీపాలు వెలుగుతున్నాయి. లేవని ఆ పదమూడు చేతులవాళ్ళు నీళ్ళ మీద కేసు వేయడానికి టౌనుకి తిరుగుతున్నారు. ఎప్పుడు తేలుతుందో, అసలు తేలుతుందో లేదో.

కానీ ఆ తీర్పుతో ఊరికి ఒక దారి దొరికింది. మర్నాడే రస్మిన్ వాకిట్లో నిలబడి ఒకామె రంకెలేసింది.

"ఒసే దిక్కుమాలినదానా! నీ పందిపిల్ల మా చేలో పడి దొర్లతా ఉంది, కళ్ళు పోయినాయా?"

ఆ సాయంత్రం ఇంకొకడు. "ముదనష్టపుదానా, నీ బుట్టలు వంద కావాలంట మా వదినకి! ఎల్లుండికల్లా అల్లకపోయావో, నీ అంతు చూస్తా!"

ఊరంతా ఆమెని నోరారా తిట్టడం మొదలుపెట్టింది. దానికి మురిసిపోయి ఊరు మారిందని రాయడం నాకు చేతకాదు. ఎదుటి మనిషితో మామూలుగా మాట్లాడే దమ్ము లేక తిట్టుచాటున దాక్కున్నాం. రస్మిన్ ఎవరికీ బదులు చెప్పలేదు. పందిపిల్లని తెచ్చుకుంది. బుట్టలు అల్లి, గుమ్మం బయట పెట్టి తలుపేసుకుంది. ఆమె మౌనం ఆమెది, దానికి ఏ సభా చెయ్యెత్తక్కర్లేదు.

నిన్న పొద్దున్న నేను కారం నూరాను. ఎర్రగడ్డ, పచ్చిమిరప, కాల్చిన రొయ్యల ముద్ద, చివర్న నిమ్మ పిండాను. అవ్వకి అలాగే ఇష్టం. ఆకుదొప్పలో పెట్టి గోడ మీద ఉంచాను.

"ఒసే మొండిముండా! కారం పెట్టినా, తింటే తిను, లేకపోతే చావు!"

పందులకి కుడితి పోస్తున్న చప్పుడు ఆగింది. ఆమె గోడ దగ్గరికొచ్చింది. ఇన్నాళ్ళకి మొహంలో మొహం పెట్టి చూసింది.

"ఏ చేత్తో నూరావు? ఎత్తిన చేత్తోనా?"

తిట్లు చాలా వచ్చు నాకు, ఒక్కటీ నోటికి రాలేదు.

"ఎత్తిన చేత్తోనే అక్కా," అన్నాను.

అది తిట్టు కాదు. ఏ ముసలాళ్ళు కూర్చుని తీర్పు చెప్పినా అది మాటే. రోడ్డు మీద సైకిలాపుకుని పాన్ కర్మి విన్నాడు. సైకిలెక్కి పెద్దయ్య ఇంటి గేటులోకి తిప్పాడు.

రస్మిన్ దొప్పలో వేలు ముంచి నాలిక్కి రాసుకుంది. "ఉప్పు తక్కువ," అని దొప్ప తీసుకుని లోపలికి పోయింది.

వచ్చే సభలో నా పేరు వస్తుంది. ఎవరెవరు చెయ్యెత్తుతారో స్తంభం పక్క నుంచి కాకుండా, ఎదురుగా కూర్చుని చూస్తాను.